నిద్ర నోము

నాకు బడి చదువు లేదు. మా నాయన మగ్గం గుంటలో కూర్చుని నేస్తూ, పక్కన నేల మీద ఇసుక పరిచి నాకు అక్షరాలు దిద్దించాడు. ఆ అక్షరాలు వెంటబెట్టుకునే పెళ్ళయి ముంబయి పక్కనున్న భివండి వచ్చాను. ఇక్కడి కనేరి పేటలో మా గల్లీ ఆడవాళ్ళకు నోముల కథలూ వ్రతాల కథలూ చదివి వినిపించడమే ఇన్నేళ్ళుగా నా చదువుకు దొరికిన ఉద్యోగం. జీతం నానబెట్టిన శనగలు, బెల్లం ముక్క. కాబట్టి ఇందులో తప్పులుంటే అవి మా నాయనవి కావు, ఇసుకవి.

ఇప్పుడు కాగితం ముందు కూర్చోవడానికి ఒక కారణం ఉంది. మొన్న మాన్కోలి గోదాముల వైపు నుంచి ఒకావిడ మా ఇంటికి వచ్చింది. నాకు వచ్చిన జబ్బే ఆమెకూ వచ్చింది, రొమ్ములో గడ్డ. మందు ఎక్కించడం మొదలైందట. చాలాసేపు కూర్చుంది. చాయ్ తాగింది. గోడ మీది దేవుళ్ళందరినీ ఒక్కొక్కరినే చూసింది. ఏమీ అడగలేదు. లేచి చెప్పులు తొడుక్కుంటూ మాత్రం, "అక్కా, బతుకుడు సంగతి దేవుడు చూసుకుంటడు గని, నీకు నిద్రెట్ల వట్టిందో జర చెప్పు" అంది.

వాకిట్లో నిలబడి చెప్పే సంగతి కాదది. అందుకే రాస్తున్నాను. ఆమె ఇంట్లో చదివి వినిపించేవాళ్ళు ఉన్నారట. వింటూ ఒక్కసారి నవ్వినా నా శ్రమ తీరినట్టే.

శ్రావణం

అది రెండు వేల రెండో సంవత్సరం. శ్రావణ శుక్రవారం తలంటు పోసుకుంటుంటే ఎడమ రొమ్ము పక్కన చేతికి ఏదో తగిలింది. నానిన శనగగింజలా ఉంది, కాకపోతే మెత్తగా లేదు. ఎవరికీ చెప్పలేదు. తడి జుట్టు ముడేసుకుని అమ్మవారి ముందు కూర్చుని, గల్లీ ఆడవాళ్ళందరికీ కథ చదివాను. ఆ రోజు ఏ రాజు ఏ రాణిని ఎందుకు వెళ్ళగొట్టాడో చదివిన నాకే తెలియలేదు.

అందరూ వాయనాలు తీసుకుని వెళ్ళాక మా అత్తతో చెప్పాను. ఆమె చెయ్యి పెట్టి చూసి, "ఎన్ని దినాలాయె?" అంది. "ఇయ్యాలనే" అన్నాను. "ఇయ్యాలనే అయితే ఇయ్యాలనే పోదాం" అని చీర కూడా మార్చుకోకుండా బయలుదేరింది. మా ఇంటాయనకు ఇంటి వెనకే కార్ఖానా, అందులో నాలుగు సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు. వాటిని నడుస్తుండగానే కూలి మనిషికి అప్పగించి మా వెంట వచ్చాడు. ఆ రోజు ఆ ఇద్దరూ తొందరపడ్డందుకు నేను ఇప్పటికీ పొద్దున లేవగానే దండం పెట్టుకుంటాను.

ఆసుపత్రి సంగతులు ఎక్కువ రాయను. ముంబయిలో ఆపరేషన్ చేశారు. కోసిన చోటి నొప్పి కంటే అక్కడి బెంచీల మీద ఎదురుచూపు ఎక్కువ నొప్పి. ఆ బెంచీ మీదే ఒక రోజు నా పక్కన చేపలమ్మే కోలీ ఆవిడ కూర్చుంది. నా తల వాలిపోతుంటే, పేరైనా అడగకుండా తన ఒడిలోకి లాక్కుని పడుకోబెట్టుకుంది. చేపల వాసన నాకు సరిపడదు. ఆ రోజు మాత్రం గుడిలో పన్నీరు చల్లినట్టు అనిపించింది. ఆమె వంతు వచ్చినప్పుడు కూడా వెంటనే లేవలేదు, "జరా థాంబా" అని లోపలివాళ్ళనే ఆగమంది.

బతుకమ్మ వెళ్ళాక

తర్వాత మందు ఎక్కించడం మొదలైంది. మొత్తం ఆరుసార్లు అన్నారు. మా ఇంట్లో వాటిని సూదులు అనేవాళ్ళం. మొదటి సూదికి జుట్టు పోయింది. రెండో సూదికి నిద్ర పోయింది.

జుట్టు సంగతి ఎలాగో సర్దుకున్నాను, తిరుపతి వెళ్ళొచ్చానని అనుకున్నాను. నిద్ర సంగతే సర్దుకోలేకపోయాను. ఆ అలసట ఎలాంటిదంటే, సాంచాకు బెల్టు జారిపోయినప్పుడు చూడండి, మోటారు గిర్రున తిరుగుతూనే ఉంటుంది, బట్ట మాత్రం అంగుళం ముందుకు జరగదు. పగలంతా పడుకునే ఉంటాను, ఒక్క కునుకు రాదు. రాత్రి కళ్ళు మూస్తే గుండె చప్పుడే వినబడుతుంది. నీళ్ళ చెంబు ఎత్తితే నీళ్ళతో పాటు బావినే ఎత్తినట్టుంటుంది.

పైగా పలకరింపులు. మా వాళ్ళకు ఉన్న మంచి గుణం ఏమిటంటే, ఒకరికి బాగాలేదంటే ఊరు ఊరంతా వస్తుంది. మేమున్నది పరాయి ఊరే అయినా మా జిల్లాలో సగం కనేరిలోనే ఉంది. పొద్దున పాళీ మారగానే రాత్రి పాళీ వాళ్ళు వస్తారు. సాయంత్రం పాళీ మారగానే పగటి పాళీ వాళ్ళు వస్తారు. మధ్యాహ్నం వాళ్ళ ఆడవాళ్ళు. సాంచాల్లాగే నేనూ రెండు పాళీలు నడిచేదాన్ని.

వచ్చినవాళ్ళు ఊరికే కూర్చోరు కదా.

"మా మేనత్తకు అచ్చం గిట్లనే అయింది వదినా. గిట్లనే గడ్డ, గిట్లనే సూదులు."

"ఇప్పుడెట్లున్నది?"

"ఎక్కడిదే, పోయి ఏడేండ్లాయె. నువ్వేం రంది వెట్టుకోకు."

నేను కళ్ళు మూసుకుంటే, "నిద్రవట్టింది, లేపకుండ్రి" అని ఒకరికొకరు గట్టిగా చెప్పుకునేవారు. ఆ మాట నలుగురి చెవుల్లోంచి తిరిగి నా చెవికే వచ్చేది. వాళ్ళ ప్రేమకు తక్కువ చేసి రాయడం లేదు. మోసంబీలు, బిస్కెట్లు, కొబ్బరి బోండాలు వచ్చి పడి మా ఇల్లు పండ్ల బండిలా ఉండేది. పాళీ దిగి, రెప్పలు వాలుతూ, అన్నమైనా తినకుండా వచ్చేవారు. అలాంటివాళ్ళను వెళ్ళమని ఎలా అనగలను?

రెండో సూది తర్వాత ఒక సాయంత్రం మా ఇంటాయనతో చెప్పేశాను. "ఇగ నేను పోను. రెండే చాలు. ఉంటే ఉంట, లేకుంటే లేదు. నాతోని అయితలేదు."

ఆయన కార్ఖానాలోకి వెళ్ళి, తెగని పోగులన్నీ చూసి, మళ్ళీ వచ్చి, "పోకుంటె డాక్టర్ ఏమంటడు?" అన్నాడు.

"ఏమన్నా అననియ్యి."

మా అమ్మాయి సుజాత తొమ్మిదో తరగతి, మరాఠీ బడి. మూలన పుస్తకం పట్టుకుని కూర్చుంది. పేజీ మాత్రం తిప్పలేదు. మా అత్తకు ఈ సంగతి చెప్పొద్దని ఇద్దరికీ చెప్పాను. మూడో సూదికి ఇంకా రోజులున్నాయి. నేను మనసులో మాత్రం అప్పుడే లేచి వచ్చేశాను.

మావ్‌శీ

మధ్యలో ఒకసారి రక్తం చూపించుకోవడానికి వెళ్ళాల్సి వచ్చింది. మా అత్త, సుజాత నా వెంట వచ్చారు. రక్తం తీసిన సిస్టర్ నా కళ్ళ కింద చూసి, "రాత్రి నిద్ర ఉందా?" అంది. నేను నవ్వాను. ఆమె మమ్మల్ని మెట్లెక్కించి ఒక గదిలోకి తీసుకెళ్ళింది.

అక్కడ చాపల మీద పదిమంది ఆడవాళ్ళు, అందరికీ తల చుట్టూ రుమాళ్ళు. మధ్యలో ఒక పెద్దావిడ, తెల్లజుట్టు, కాటన్ చీర. అందరూ ఆమెను మావ్‌శీ అంటున్నారు, అంటే పిన్ని. ఆమె కూడా ఒకప్పుడు మా దారినే నడిచి వచ్చిన మనిషి. యోగా నేర్పుతుందట. యోగా అంటే తలకిందులుగా నిలబడడమనుకుని నేను గుమ్మంలోనే ఆగిపోయాను. తల పైనుంటేనే నిలబడలేకపోతున్నాను.

అదేమీ లేదు. చేతులు నెమ్మదిగా ఎత్తడం, దించడం. ఆపరేషన్ అయిన వైపు ఎంత లేస్తే అంతే. ఊపిరి తీసుకోవడం, తీసుకున్న దానికంటే నిదానంగా వదలడం. చివర వెల్లకిలా పడుకుని, కాలి బొటనవేలి నుంచి నడినెత్తి దాకా ఒక్కో అవయవాన్నీ మనసుతో తాకి "నువ్విక విశ్రాంతి తీసుకో" అని చెప్పడం. నేను చెబుతూ పోతే మోకాలి దాకా ఒప్పుకున్నాయి. పైన ఏదీ వినలేదు. అయినా ఆ మోకాళ్ళ విశ్రాంతికే నాకు కళ్ళు తడిశాయి.

మావ్‌శీ నియమాలు చెప్పింది, సుజాత తెలుగులో చెప్పింది, మా అత్త విన్నది. రోజూ ఒకే వేళకు చెయ్యాలి. స్నానం చేసి, ఏమీ తినకముందు చెయ్యాలి. చోటు శుభ్రంగా ఉండాలి, చాప వేరేగా ఉండాలి. ఆ సేపు ఎవరూ మాట్లాడించకూడదు. మొదలుపెట్టాక మధ్యలో మానకూడదు.

తిరుగు రైల్లో మా అత్త ఒక్కో వేలూ మడుస్తూ అంది. "తానం జెయ్యాలె. ఏం తినొద్దు. ఒక్కటే యాళ్ళకు జెయ్యాలె. నడుమ ఇడిసిపెట్టొద్దు. గిది నోమే గదనే!"

"బాపమ్మా, ఐక్ నా, జర ఇను," అంది సుజాత. "నోము గీము కాదు. యోగా ఆహే. నిద్ర కోసం."

"గదే నేను గూడ అంటున్న. నిద్రాదేవి నోము."

"అసలు దేవి ఎవ్వరూ లేరు బాపమ్మా!"

"దేవి లేకుంట నియమాలు ఎవలు వెట్టిండ్రు మరి?"

 

కార్తీకం

మర్నాడు స్నానం చేసి, తూర్పు వైపు చాప పరుచుకుని మొదలుపెట్టాను. అప్పుడే పొద్దున పాళీ మారింది. రాత్రి పాళీ వాళ్ళు నలుగురు గుమ్మంలోకి వచ్చారు.

"ఏంది, గట్ల కింద పన్నది? మంచం లేదా?"

"చెయ్యెందుకు లేపుతున్నది? నీళ్ళు గావాల్నా వదినా?"

నేను లేవబోయాను. అంతలో మా అత్త గుమ్మంలో నిలబడి రెండు చేతులూ అడ్డం పెట్టింది. "చెప్పులిడువుండ్రి! మా కోడలు నోము వట్టింది. మాట్లాడితె దోషం."

ఒక్కమాట. నలుగురు మగవాళ్ళూ చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని, గోడ వారగా నిలబడి, నా కాళ్ళ వైపు ఒక దండం పెట్టి వెళ్ళిపోయారు. ఒకాయన తెచ్చిన మోసంబీలు నైవేద్యంలాగా చాప పక్కన పెట్టాడు. శ్రావణం తర్వాత మా ఇంట్లో మొదటిసారి పొద్దుటి పూట ఎవరి మేనత్తా చనిపోలేదు.

నాకు లోపల గుంజాటనగానే ఉంది. లేని నోమును ఉందనడం పాపం కదా. మార్కండేయ స్వామి పటం వైపు చూసి, "స్వామీ, చావును గెలిచినవాడివి, నీకు తెలియనిదేముంది, ఈ ఒక్క గంటా నాకు విడిచిపెట్టు" అనుకున్నాను. ఆయన ఏమీ అనలేదు. ఒప్పుకున్నాడనే అనుకున్నాను.

కానీ మా గల్లీలో నోము అన్నాక అది ఒక్కరి సొత్తుగా ఉండదు. రెండు రోజులకే పక్కింటి భాగ్యక్క పసుపు కుంకుమల పళ్ళెంతో దిగింది. మనిషి ఒడ్డూ పొడుగూ ఉంటుంది, గొంతు అంతకంటే ఎక్కువ.

"నువ్వొక్కదానివే పుణ్యం మూటగట్టుకుంటవా చెల్లె? నోముకు ఐదుగురు ముత్తైదువలు గావాలె. మేము నలుగురం వస్తం, నీతోని ఐదు."

"అక్కా, ఇందులో పడుకునుడే ఉంటది."

"పండుకునుడేనా?" భాగ్యక్క కళ్ళు మెరిశాయి. "గిసొంటి నోము గిన్నేండ్లు ఎక్కడ దాసిపెట్టిండ్రే!"

మర్నాడు నలుగురూ తలస్నానాలు చేసి వచ్చారు. మా ముందుగది ఎంత పెద్దదని! ఐదుగురం అడ్డంగా పడుకుంటే గోడకూ గోడకూ సరిపోయింది. మా అత్త మాత్రం గుమ్మంలోనే కాపలా కూర్చుంది. మామ పోయి చాలా ఏళ్ళయింది కాబట్టి ముత్తైదువల వరుసలోకి తాను రాకూడదని ఆమె లెక్క.

"కండ్లు మూసుకోండి. ఊపిరి తీసుకోండి. మెల్లగ ఇడువుండ్రి," అన్నాను.

రెండో ఊపిరి తీసుకున్నారో లేదో నాకు తెలియదు. భాగ్యక్క గుర్రు మొదలైంది. ఆ వెంటనే మిగతా ముగ్గురూ. తెల్లవారకముందే లేచి, నీళ్ళు పట్టి, పిల్లల్ని లేపి, సాంచాలకు కండెలు చుట్టి, అంటే నూలు కండెలకు ఎక్కించి వచ్చిన మనుషులు. ఒళ్ళు నేలకు ఆనితే చాలు. నేను ఒక్కొక్కరికీ కాలి బొటనవేలి నుంచి మొదలుపెట్టి చెబుతూనే ఉన్నాను. వాళ్ళు నడినెత్తి దాకా ఎప్పుడో వెళ్ళిపోయారు. రోగం నాది, నోము నాది, నిద్ర వాళ్ళది. మధ్యలో నేనొక్కదాన్నే కళ్ళు తెరుచుకుని ఇంటి పైకప్పు చూస్తున్నాను. వెనక కార్ఖానాలో నాలుగు సాంచాలు, ముందుగదిలో నాలుగు గుర్రులు.

మావ్‌శీ చెప్పినట్టు ఊపిరినే పట్టుకున్నాను. ఆ రోజు నిద్ర రాలేదు. మర్నాడూ రాలేదు. నాలుగో రోజో ఐదో రోజో, చిన్నప్పుడు పెళ్ళింట్లో ఒకే చాప మీద పదిమంది పిల్లలం పడుకున్నట్టు అనిపించింది. ఒక పక్క భాగ్యక్క చెయ్యి నా మీద పడింది, నూలు చుట్టిన సాంచా బీము పడ్డంత బరువు. తీసేద్దామనుకున్నాను. తీయకముందే ఎక్కడికో జారిపోయాను. మా అత్త లేపితే లేచాను, కొంగు తడిసేలా చొంగ కారింది. అంత సంతోషం నాకు పట్టుచీర కట్టినప్పుడు కూడా లేదు.

ఇక్కడ ఒక చిక్కు వచ్చిపడింది. రాత్రి పాళీ దిగి ఇంటికి వచ్చిన మగవాళ్ళకు పొయ్యి చల్లగా కనబడుతోంది. ఒక రోజు భాగ్యక్క పెనిమిటి ఇంకో ఇద్దర్ని వెంటబెట్టుకుని వచ్చి, గుమ్మం బయట నిలబడి మా ఇంటాయనతో పంచాయతీ పెట్టాడు.

"అన్నా, గీ నోము ఎన్ని దినాలు?"

"నన్నడుగుతవేంది? నాకు గూడ చాయ్ లేదు."

"పాళీ దిగి ఇంటికి పోతె మా ఇంట్లది లేదు. ఏదిరా అంటె మీ ఇంట్ల పన్నదంటండ్రు. ఏం జేస్తున్నది అంటె పుణ్యం జేస్తున్నదంటండ్రు."

లోపలి నుంచి భాగ్యక్క కళ్ళు తెరవకుండానే అరిచింది. "మాట్లాడకుండ్రి, దోషం! డబ్బల అటుకులున్నయి, తిను పో!"

అప్పటి నుంచి మా గల్లీలో మగవాళ్ళకు కార్తీకమంతా అటుకులే. కార్తీకంలో ఉపవాసాలు మామూలే కాబట్టి ఎవరూ తప్పు పట్టలేదు.

కథ

మూడో సూదికి పిలిచిన రోజు దగ్గరికి వచ్చింది. నాకు నిద్ర కొంచెం కొంచెం పడుతోంది. నా నిర్ణయం మాత్రం మారలేదు. ఆ ఎర్రటి మందు సీసా తలుచుకుంటేనే నోరంతా ఇనుము నాకినట్టయ్యేది. పడుకోవడం నేర్చుకున్నాను కదా, ఇక హాయిగా పడుకుని ఉందాం, వెళ్ళడమెందుకు, అని నా మనసు కొత్త వాదం ఎత్తుకుంది.

రేపు వెళ్ళాలనగా ఆ పొద్దున ఐదుగురం లేచి కూర్చున్నాక భాగ్యక్క చేతిలో అక్షింతలు పట్టుకుని, "కథేది?" అంది.

"కథ లేదక్కా దీనికి."

"కథ లేని నోము ఉంటదా? ఇన్ని దినాలు పండుకున్నది పన్నట్టే పోతది. చదువొచ్చినదానివి, నువ్వే జెప్పాలె."

నలుగురూ అక్షింతలు పట్టుకుని నా ముఖంలోకి చూస్తున్నారు. లేని దేవి మీద లేని కథ అల్లడానికి నాకు నోరు రాలేదు. అబద్ధం చెప్పకూడదు, ఊరుకోకూడదు. అందుకని జరిగిందే చెప్పాను, నోముల కథల్లో చెప్పినట్టు చెప్పాను.

"అనగనగా ఒక ఊళ్ళో ఒక సాలె ఇల్లాలు. ఆమె ఒంట్లో ఒక గడ్డ పుట్టింది. గడ్డ కరగాలంటే ఆరు కడవల నీళ్ళు తాగాలన్నారు. ఆ నీళ్ళు చేదు. తాగితే జుట్టు రాలుతుంది, నోరు పూస్తుంది, నిద్ర రాదు. రెండు కడవలు తాగింది. మూడో కడవ ముందర కూర్చుని, ఇక నావల్ల కాదని దండం పెట్టింది."

ఆగాను.

"ఊఁ, తర్వాత?"

"ఇంతేనక్కా. తర్వాత లేదు."

"గదేంది? ఇంతే ఎట్ల? చేతుల అచ్చింతలు పట్టుకొని ఉన్నం!"

చివర కూర్చున్న మల్లవ్వ అంది, "చేదైతె ఏందే? బెల్లం ముక్క నంజుకొని తాగాలె." ఆమె పక్కనావిడ తెలివైనది, "నాలుగు కడవలు మోరీల పారబోసి, తాగిన అని జెప్తె దేవికి తెలుస్తదా?" అంది. "నీ మొగనికి తెలువకపోవచ్చు, దేవికి తెలువదా?" అని భాగ్యక్క గద్దించింది. ఎవరూ నవ్వలేదు. కథలోని ఇల్లాలు ఏం చెయ్యాలన్నది నిజంగానే పెద్ద సంగతయి కూర్చుంది. నేను చాప అంచు పీకుతున్నాను.

గుమ్మంలోంచి మా అత్త గొంతు వినబడింది. "అది ఒక్కతే తాగుతున్నదా? పక్కకు ఎవలు లేరా?"

"అత్త ఉంది," అన్నాను.

"అత్త ఏం జేస్తున్నది?"

"కడవలు మోస్తున్నది."

మా అత్త లేచి, కొంగు దులుపుకుంది. "ముసల్ది మోసుకొచ్చి మూతి కాడ వెడుతుంటె తాగనీకె ఏం రోగం దానికి!"

అందరూ అక్షింతలు నా తల మీద వేశారు. జుట్టు లేని తల కదా, ఒక్క గింజ నిలవలేదు, అన్నీ జారి ఒడిలో పడ్డాయి. మర్నాడు పొద్దున మూడో సూదికి బయలుదేరాను. నేను మానేద్దామనుకున్న సంగతి అత్తకు ఎవరు చెప్పారో, అసలు ఎవరైనా చెప్పారో లేదో, నేను ఇప్పటికీ అడగలేదు.

మార్గశిరం దాటి

తర్వాతి సూదులు తేలికయ్యాయని చెప్పను. మాన్కోలి చెల్లెకు అబద్ధం చెప్పకూడదు. వాంతులు వాంతులే. ఒకసారి రక్తం తక్కువుందని వెనక్కి పంపారు కూడా. యోగా నా జబ్బును తగ్గించలేదు, దాన్ని తగ్గించింది మందే. ఆ మందు దాకా నడిచి వెళ్ళే సత్తువ మాత్రం ఆ చాప మీద దొరికింది. సూది పడిన మొదటి మూడు రోజులూ చేతులు ఎత్తేదాన్ని కాదు, పడుకుని ఊపిరి మాత్రమే చూసుకునేదాన్ని. ఒక్కోరోజు అదీ కుదిరేది కాదు. అప్పుడు పక్కవాళ్ళ ఊపిరి వినేదాన్ని. అదీ పనిచేస్తుంది.

ఆ రోజుల్లోనే ఒకనాడు గమనించాను. మేమంతా పడుకుంటే గుమ్మంలో కూర్చున్న మా అత్త తల వాలి, ద్వారబంధానికి కొట్టుకుంటోంది. శ్రావణం నుంచి ఆమె ఎప్పుడు నిద్రపోయిందో ఎవరమూ అడగలేదు. "అత్తమ్మా, లోపలికొచ్చి పండుకో" అన్నాను.

"నాకెందుకు బిడ్డా? నేను ముత్తైదువనా?"

"ఈ నోముకు ముత్తైదువలే ఉండాలని మావ్‌శీ చెప్పలేదు. ఊపిరి ఉంటే చాలన్నది."

ఆమె భాగ్యక్క వైపు చూసింది. భాగ్యక్క ఇటు జరిగి చోటిచ్చింది. మా అత్త ముడుచుకుని ఆ చోట్లో పడుకుంది. మధ్యాహ్నం దాకా లేవలేదు. కాపలా లేక ఆ రోజు లోపలికి వచ్చిన పలకరింపుల వాళ్ళు, ఆరుగురు ఆడవాళ్ళు పడుకుని ఉండడం చూసి, జబ్బు మనిషి ఎవరో తేల్చుకోలేక పండ్లు గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయారు.

మాఘం

ఆరో సూది రోజు మా అత్త ఒక చేటలో పసుపు, కుంకుమ, రవికె గుడ్డ, శనగలు సర్ది, ఇంకో చేట మూసి, ఎర్రగుడ్డ కట్టి తెచ్చింది. నోము అయిపోతోంది కాబట్టి ఉద్యాపన చెయ్యాలి, వాయనం నేర్పినావిడకే ఇవ్వాలి. ఠాణే దాకా బస్సులో, అక్కడి నుంచి లోకల్ రైల్లో, ఆ చేటలను పసిబిడ్డలా ఒడిలో పెట్టుకుంది. ఆసుపత్రి గుమ్మంలో కాపలావాడు విప్పి చూపించమంటే, "నీ ఇంట్ల ఆడోళ్ళు లేరా?" అని తెలుగులోనే కసిరింది. అతను వెళ్ళనిచ్చాడు.

మందు ఎక్కడం అయ్యాక మావ్‌శీ గదికి వెళ్ళాం. మా అత్త నా చేత ఆ చేటలు ఇప్పించింది. మావ్‌శీకి సంగతంతా నాకు వచ్చిన హిందీలో చెప్పాను, నోము, ఐదుగురు, అటుకులు, అన్నీ. ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వు ఆగాక మాత్రం చేటలను కళ్ళకు అద్దుకుని, అలమారలోంచి కొబ్బరికాయ తీసి నా ఒడి నింపింది. వాళ్ళలోనూ ఆ ఆచారం ఉందట.

"ఉద్యాపన మాత్రం దీనికి లేదు," అంది. "రోజూ చెయ్యాలి. ఊపిరి ఉన్నన్నాళ్ళూ."

నేను తెలుగులో చెప్పాను. మా అత్త ముఖం చిట్లించింది. "ముగింపు లేని నోమా? ఎప్పటిదాక జెయ్యాలట? సక్కగ అడుగు."

అడిగాను. మావ్‌శీ మా అత్తను పైనుంచి కిందికి చూసి, "ఈమె అంత ముసలి అయ్యేదాకా" అంది.

రైలెక్కాక మా అత్త ఆడవాళ్ళ పెట్టెలో పక్కన కూర్చున్న మరాఠీ ఆవిడకు, ఎదుట కూర్చున్న గుజరాతీ ఆవిడకు, నిలబడ్డ కాలేజీ పిల్లకు కూడా తెలుగులోనే చెప్పింది. "నా కోడలు. నోము వట్టింది. నా అంత ముసల్దయ్యేదాక జెయ్యాలట." వాళ్ళందరూ తల ఊపారు. నేను ఆమె భుజం మీద తల ఆనించాను. సూది పడిన రోజున నాకెప్పుడూ కునుకు పట్టేది కాదు.

ఎవరో తట్టి లేపారు. పెట్టె ఖాళీగా ఉంది. మా అత్త నా నెత్తి మీద చెంప పెట్టి నిద్రపోతోంది. బయట బోర్డు చూస్తే కళ్యాణ్. ఠాణే ఎప్పుడు వెళ్ళిపోయిందో మా ఇద్దరికీ తెలియదు. ఠాణే స్టేషన్‌లో మా కోసం మా ఇంటాయన నిలబడి ఉంటాడని అప్పుడు గుర్తొచ్చింది. చేసేది లేక అక్కడే భివండి బస్సు పట్టుకుని ఇంటికి చేరాం.

ఆయన బాగా పొద్దుపోయి వచ్చాడు. గుమ్మంలో నన్ను చూసి, గోడ పట్టుకుని నిలబడ్డాడు. ఆ తర్వాత మొదలుపెట్టాడు.

"మతి ఉన్నదా మీకు? అకల్ ఉన్నదా? స్టేషన్ల బ్రిడ్జి మీద నిలబడి దిగినోళ్ళ మొకాలన్ని చూసిన! ఒక్కొక్క లోకల్ పోతుంటె పానం పోయింది! ఆస్పత్రికి మల్ల పోయిన, అక్కడ లేరంటిరి! నిద్రవట్టిందా? గిదేం నిద్రనే, ఊరు దాటిపోయే నిద్ర!"

శ్రావణం నుంచి ఈ మనిషి నాతో చుట్టంతో మాట్లాడినట్టు మాట్లాడాడు. అన్నం మాడినా, చాయ్‌లో చక్కెర మరిచినా, "మంచిగున్నది" అనేవాడు. ఆ మెత్తదనం చూసినప్పుడల్లా, డాక్టరు నాకు చెప్పనిదేదో ఈయనకు చెప్పాడని భయమయ్యేది. ఇప్పుడు గొంతు నరాలు పొంగేలా అరుస్తున్నాడు. కార్ఖానా చప్పుడు కూడా ఆ గొంతుకు సరిపోవడం లేదు.

భాగ్యక్క తలుపు తీసుకుని పరుగెత్తుకొచ్చింది. "ఏందే చెల్లె, ఏమైంది? మీ ఆయన ఎందుకు గట్ల ఒర్లుతుండు?"

"నన్ను తిడుతుండక్కా," అన్నాను. "నాకు నయమైందట."